మెట్లు లేని నాదము: పెర్సీ గ్రేంజర్ జీవితము

లోకము కళాకారునకు చేయు అపచారములు రెండు విధములు. అతనిని పూర్తిగా మరచుట యొకటి. అతడు సృష్టించిన వానిలో మిక్కిలి చిన్నదానిని మాత్రమే పట్టుకొని, దానితోనే అతని పేరును ముడివేయుట రెండవది. మొదటి దానికి గురియైన వారిని చూచి మనము జాలిపడుదుము. రెండవ దానికి గురియైన వారిని అదృష్టవంతులని తలంతుము. ఆస్ట్రేలియా దేశమున పుట్టిన సంగీతకారుడు పెర్సీ గ్రేంజర్ అట్టి అదృష్టవంతుడు. కంట్రీ గార్డెన్స్ అను రెండు మూడు నిమిషముల నృత్యగీతము అతనికి ధనమును, కీర్తిని తెచ్చిపెట్టెను. కాని బాల్యమునుండి మరణము వరకు అతడు మనసున మోసిన కల వేరొకటి. ఆ కల, అతడు కన్నుమూసిన నాటికి, ఇంటి ముందుగదిలో కాగితపు చుట్టలతోను దారములతోను కట్టిన యంత్రముల రూపమున అసంపూర్ణముగా నిలిచియుండెను.

పెర్సీ 1882వ సంవత్సరము జూలై 8వ తేదీన మెల్బోర్న్ నగర ప్రాంతమైన బ్రైటన్‌లో జన్మించెను. తండ్రి జాన్ గ్రేంజర్ ఇంగ్లండునుండి వలసవచ్చిన వాస్తుశిల్పి. మెల్బోర్న్‌లో యారా నదిపై నేటికిని జనులు నడచుచున్న ప్రిన్సెస్ వంతెన అతని రూపకల్పనయే. ప్రజ్ఞావంతుడే గాని మద్యపానమునకు లోబడిన మనిషి. 1890లో అతడు ఇల్లు విడిచి వెళ్ళెను. ఆ పిమ్మట భార్యాపుత్రులతో కలిసి కాపురముండలేదు. తల్లి రోజ్ అడిలైడ్ నగరమున ఒక హోటలు యజమాని కూతురు. కుమారుని చదువంతయు ఆమె చేతిమీదుగనే సాగెను. పెర్సీ పాఠశాలకు వెళ్ళినది జీవితమున మూడు నెలలు మాత్రమే. పియానోకు తొలి గురువు తల్లియే. తరువాత లూయిస్ పాబ్‌స్ట్ అను జర్మన్ విద్వాంసుని యొద్ద శిక్షణ లభించెను. 1894లో, పన్నెండవ యేట, మెల్బోర్న్ ప్రజల యెదుట అతని మొదటి కచేరి జరిగెను.

ఆ నగరమున ఆల్బర్ట్ పార్క్ చెరువు కలదు. బాలుడైన పెర్సీ అచ్చట పడవపై విహరించుచు నీటి అలలను చూచెను. అల లేచునపుడు మెట్లెక్కదు; పడునపుడు మెట్లు దిగదు. జారుచు, వంగుచు, తన యిచ్చ వచ్చినట్లు సాగును. దూరమున కనబడు కొండల వాలులును అట్టివే. ప్రకృతిలో ఎచ్చటను లేని మెట్లు సంగీతమున మాత్రము ఏల యుండవలెను? సరిసమానమైన తాళపు అడుగులలోనే నాదము ఏల నడువవలెను? ఈ ప్రశ్న ఆ బాలుని విడువలేదు. ఆ చెరువు కడనే తన ఆలోచన మొలకెత్తెనని గ్రేంజర్ పెద్దవాడైన పిదప పలుమారులు చెప్పుకొనెను. దానికి అతడు పెట్టిన పేరు స్వేచ్ఛాసంగీతము.

మన సంగీతము వినిన వారికి ఈ ప్రశ్న సులభముగా బోధపడును. పియానోపై ఒక మీటకును దాని ప్రక్క మీటకును నడుమ ఎన్ని శ్రుతులున్నను అవి మూగవి. వీణపై తంత్రిని లాగి వైణికుడు పలికించు గమకము హార్మోనియముపై పలుకదు. ఈ లోపము కారణముగనే అఖిల భారత రేడియో 1940లో హార్మోనియమును తన ప్రసారములనుండి వెలివేసెను; 1971 వరకు ఆ నిషేధము సాగెను. ఐరోపా సంగీతమున పెరిగిన గ్రేంజరునకు గమకమును నేర్పిన గురువులు లేరు. మీటల వాద్యముపైననే జీవనము సాగించుచు, మీటలు లేని నాదము కొరకు అతడు పరితపించెను. అతని జీవితములోని వైచిత్ర్య మిదియే.

1895లో తల్లీకొడుకులు జర్మనీకి పయనమైరి. ఫ్రాంక్‌ఫర్ట్‌లోని హోఖ్ సంగీత విద్యాలయమున 1901 వరకు అతని విద్యాభ్యాసము జరిగెను. సిరిల్ స్కాట్, రోజర్ క్విల్టర్, బాల్ఫోర్ గార్డినర్ మొదలైన ఇంగ్లీషు యువకులు అచ్చట మిత్రులైరి. రోజ్ ఇంగ్లీషు పాఠములు చెప్పి ఇల్లు నడపెను. కాని కొంతకాలమునకు ఆమె ఆరోగ్యము చెడెను. 1901లో లండను చేరిన నాటినుండి ఇరువురి పోషణ భారమును పెర్సీ మీదనే పడెను. ధనికుల ఇండ్లలో వాయించి, శిష్యులకు పాఠములు చెప్పి, దూరదేశములలో కచేరులు చేసి, అతడు పియానో విద్వాంసుడుగా పేరు పొందెను. ఒక యూర కచేరి ముగియగనే మూట వీపున వేసికొని మరొక యూరికి కాలినడకన పోవు అలవాటు అతనికుండెను.

లండను జీవితమున మిక్కిలి విలువైన కార్యము కచేరీశాలల వెలుపల జరిగెను. 1905లో లింకన్‌షైర్ ప్రాంతమున బ్రిగ్ అను పల్లెపట్టణమున జానపద గీతముల పోటీ నొకదానిని అతడు వినెను. పల్లెల వృద్ధులు పాడు పాటలు వారితోనే అంతరించిపోవుచుండుట గమనించి వానిని సేకరింప మొదలిడెను. అంతకు ముందు సేకరించిన వారు పాటను విని కాగితముపై స్వరము వ్రాసికొనెడివారు. గ్రేంజర్ 1906లో మైనపు గొట్టములపై ధ్వనిని ముద్రించు ఫోనోగ్రాఫు యంత్రమును వెంటగొనిపోయెను. బ్రిటనులో జానపద గాయకుల గళమును యంత్రమున నిలిపిన తొలివారిలో అతడొకడు. అతడు నింపిన గొట్టములు 200లకు పైగా నుండెను.

యంత్రము అతనికొక సత్యమును చూపెను. ఆ వృద్ధులు ఒకే పాటలోని ప్రతి చరణమును ఒక్కొక్క తీరున పాడుచుండిరి. ఒకచోట స్వరము జారును, ఒకచోట తాళము పెరుగును, ఒకచోట తరుగును. పండితులు ఇవి నిరక్షరుల తప్పులని తలంచి దిద్ది వ్రాయుచుండిరి. గ్రేంజర్ అట్లు దిద్దలేదు. జోసెఫ్ టేలర్ వంటి పల్లె గాయకుని స్వరచలనము శిక్షితులైన రంగస్థల గాయకుల పాటకంటె సూక్ష్మమైనదని గ్రహించెను. చెరువు అలలలో తాను చూచిన స్వేచ్ఛ అతనికి ఈ వృద్ధుల కంఠములలో మరల గోచరించెను. 1908లో జానపదగీత సంఘ పత్రికలో తన పద్ధతిని వివరించుచు వ్యాసము వ్రాసెను. యంత్రము నమ్మదగినది కాదని పలువురు శంకించిరి. గొట్టములు నేటికిని మిగిలియున్నవి, శంకలు మిగులలేదు.

ఆ కాలముననే నార్వే దేశపు మహాస్వరకర్త గ్రీగ్‌తో స్నేహము కలిగెను. 1906లో లండనున పరిచయమై, 1907 వేసవిలో గ్రీగ్ తన ఇంటికి యువకుని ఆహ్వానించి, తన పియానో కచేరీకృతిని అతనిచేత సాధన చేయించెను. ఆ సెప్టెంబరులో వృద్ధ గురువు మరణించెను. ఆయన స్వయముగా నిర్వహింపవలసిన లీడ్స్ ఉత్సవమున మరుసటి నెల గ్రేంజర్ ఒంటరిగా ఆ కృతిని వాయింపవలసివచ్చెను.

1914లో యుద్ధము ఆరంభము కాగానే గ్రేంజర్ తల్లితో అమెరికాకు వెడలిపోయెను. యుద్ధమునకు వెరచి పారిపోయెనని బ్రిటనులో పలువురు నిందించిరి. 1917లో అమెరికా సైన్యమున చేరి, సైనిక వాద్యబృందమున సాక్సఫోను ఊదెను. మరుసటి యేట ఆ దేశ పౌరుడయ్యెను. 1918లో ఒక ఇంగ్లీషు నృత్యగీతమును పియానోకు అమర్చెను. అదియే కంట్రీ గార్డెన్స్. 1919లో అచ్చైన వెంటనే ఆ చిన్న పుస్తకము విపరీతముగా అమ్ముడుపోయెను. అది మొదలు గ్రేంజర్ ఏ యూరికి పోయినను, ఎట్టి కొత్త కృతి వాయించినను, సభ చివర శ్రోతలు ఆ పాటనే కోరుచుండిరి. అతడు వాయించుచునే యుండెను. కాని ఆ పాట పేరు వినిననే విసుగు కలుగు స్థితికి వచ్చెను. దాని రాబడి మాత్రము అతని ప్రయోగములను పోషించెను. ఋణము తీర్చని శత్రువు కాదది, తిండి పెట్టిన శత్రువు.

ఇంతలో పెనువిపత్తు సంభవించెను. తల్లీకొడుకుల గాఢానుబంధమునకు పెడర్థములు కల్పించి కొందరు నిరాధారమైన వదంతులు పుట్టించిరి. రోగపీడితయైన రోజ్ వానిని భరింపలేక మతి చలించి, 1922 ఏప్రిల్ 30వ తేదీన న్యూయార్కులోని ఒక ఎత్తైన భవనమునుండి పడి ప్రాణములు విడిచెను. కుమారుడు ఆ సమయమున ఖండమునకు ఆవలి కొసన లాస్ ఏంజిలిస్‌లో నుండెను. నలువదియేండ్ల వాని జీవితమున తల్లి లేని దినము అదియే మొదటిది. ఆ గాయము పూర్తిగా మానలేదు. 1926లో ఓడ ప్రయాణమున స్వీడను దేశపు చిత్రకారిణి ఎల్లా స్ట్రోమ్ పరిచయమయ్యెను. 1928 ఆగస్టు 9వ తేదీన హాలీవుడ్ బౌల్ అను బహిరంగ రంగస్థలమున, కచేరికి వచ్చిన వేలమంది శ్రోతల సమక్షమున వారి వివాహము జరిగెను.

ఇతని గుణములతోపాటు దోషమును చెప్పకుండుట చరిత్ర కాదు. గ్రేంజర్ తన స్వరలిపులలో ఇటాలియను పరిభాషను మాని, అచ్చమైన ఇంగ్లీషు మాటలను కల్పించి వాడెను. యయాతి చరిత్రము రచించిన మన పొన్నికంటి తెలగన ఈ పట్టుదల చూచియున్నచో సంతోషించెడివాడేమో. కాని ఈ భాషాభిమానము వెనుక ఉత్తర ఐరోపా జాతులే శ్రేష్ఠమైనవను దురభిప్రాయముండెను. అతని చెవి మాత్రము అతని సిద్ధాంతమునకు లోబడలేదు. న్యూజీలాండు మావోరీల గానమును, జావా, బాలి ద్వీపముల వాద్యములను అతడు శ్రద్ధతో వినెను. 1932లో న్యూయార్కు విశ్వవిద్యాలయమున సంగీతశాఖాధిపతిగా నున్నపుడు నల్లజాతి జాజ్ విద్వాంసుడైన డ్యూక్ ఎలింగ్టనును తన విద్యార్థుల యెదుటికి ఆహ్వానించెను. బుద్ధి కట్టిన గోడను చెవి దాటిపోయెను. ఐనను బుద్ధి చేసిన తప్పు తప్పు కాకపోదు.

1937లో లింకన్‌షైర్ పోజీ అను వాద్యబృంద కృతి వెలువడెను. దానిలోని ఒక్కొక్క భాగమున ఒక్కొక్క పల్లె గాయకుని పాడు తీరును అతడు చిత్రించెను. ఇది నేటికిని ఊదువాద్య బృందములకు శిరోభూషణము. ఐనను ఇందులోని స్వరములును మెట్లపైననే నడచినవి. 1935లో మెల్బోర్న్‌లో రేడియో ప్రసంగములిచ్చినపుడు నాలుగు తంత్రీవాద్యములచేత స్వేచ్ఛాసంగీతపు తునకను వాయింపజేసెను. మరుసటి యేట దానిని థెరెమిను వాద్యములకు మార్చి వ్రాసెను. థెరెమినును తాకనక్కరలేదు, గాలిలో చేతిని కదల్చినచో విద్యుత్తు నాదమై జారుచు పలుకును. కాని మనిషి చేతి వణుకు నాదమున కలియుచుండెను. స్వరకర్త తలచిన వంపును తలచినట్లే పలికించునది యంత్రము తప్ప వేరు లేదని అతడు నిశ్చయించెను.

ఆ పని అరువది యేండ్లు దాటిన పిదప మొదలయ్యెను. న్యూయార్కు సమీపమున వైట్ ప్లెయిన్స్‌లోని తన ఇంట, బర్నెట్ క్రాస్ అను విజ్ఞానశాస్త్రోపాధ్యాయుని సాయముతో గ్రేంజర్ యంత్రములు కట్ట నారంభించెను. పరికరములన్నియు ఇంటిలోనివే: కుట్టుమిషను, ఊడ్చు విద్యుద్యంత్రము, పొట్లములు కట్టు మందపు కాగితము, దారములు. 1951 నాటి యంత్రమున హార్మోనియము వంటి రీడులను స్వరములో ఎనిమిదవ వంతు భేదముతో అమర్చి, రంధ్రములు చేసిన కాగితమును వానిపై నడపిరి. 1952 నాటి దానికి కంగారూ సంచి అని పేరు పెట్టిరి. నిలువెత్తు చుట్టలపై కాగితము సాగును. దాని యంచు కొండలు లోయలుగా కత్తిరింపబడియుండును. ఆ యంచు వెంట దొరలు చక్రములు ఎనిమిది విద్యుత్స్వరములను పైకి క్రిందికి జార్చును. కాగితపు కొండయే నాదపు కొండ. చివరి యంత్రమున కాగితము బదులు పారదర్శకమైన పలుచని తెర నుంచిరి. దానిపై సిరాతో గీసిన గీతల గుండా వెలుగు ప్రసరించి నాదముగా మారును. స్వరకర్త చిత్రకారునివలె గీత గీసినచో చాలును.

1953 నాటికి అతనికి క్యాన్సరు సోకెను. శస్త్రచికిత్సలు జరుగుచునే యుండెను. యంత్రనిర్మాణమును, ఖర్చులకై కచేరులును సాగుచునే యుండెను. 1960 ఏప్రిల్‌లో చివరి కచేరి చేసెను. 1961 ఫిబ్రవరి 20వ తేదీన, 78వ యేట, వైట్ ప్లెయిన్స్‌లో మరణించెను. కడపటి యంత్రము పూర్తికాలేదు. భౌతికకాయమును అడిలైడ్‌కు కొనిపోయి తల్లి ప్రక్కనే ఖననము చేసిరి.

అతని మరణానంతరము మూడేండ్లకే, 1964లో, అమెరికాలో రాబర్ట్ మూగ్ తన సింథసైజరును ప్రదర్శించెను. 1966లో మెల్బోర్న్ విశ్వవిద్యాలయమున, గ్రేంజర్ పేరిటి కేంద్రముననే, కీత్ హంబుల్ విద్యుత్సంగీత ప్రయోగశాలను స్థాపించెను. 1979లో సిడ్నీ నగరమున ఇద్దరు యువకులు నిర్మించిన ఫెయిర్‌లైట్ యంత్రము ప్రపంచమంతట సంగీతశాలలకు చేరెను. 1980లలో సిడ్నీలోని ఐస్‌హౌస్, మెల్బోర్న్‌లోని రియల్ లైఫ్ వంటి రాక్ బృందములు సింథసైజరు నాదముతోనే దేశాంతరములలో పేరు తెచ్చుకొనినవి. ఆ యువకులలో ఎందరు ఆల్బర్ట్ పార్క్ చెరువుపై పడవలో కూర్చున్న బాలుని తలచిరో చెప్పజాలము. వారు ఎక్కినది అతడు వేసిన త్రోవ అనుటయు న్యాయము కాదు. మూగ్ త్రోవ వేరు. కాని వారు చేరిన చోటికి దూరమునుండి మొదట చూపు సారించినవారిలో అతడొకడు.

ఉపాధ్యాయులు ఒక్క విషయమును తలపోయవలెను. ఆ బాలుడు మూడు నెలలకు మించి బడిలో నున్నచో, నీటి అలలకు లేని మెట్లు పాటకు ఏల యని అడిగినపుడు ఏ సమాధానము వచ్చియుండెడిది? సంగీతమన నిట్లే యుండునని చెప్పి కూర్చుండబెట్టెడివారేమో. సమాధానము దొరకని ప్రశ్నను అణచివేయక, అరువది యేండ్లకు పైగా కాపాడుకొనుటయే గ్రేంజర్ సాధించినది. 1938లో మెల్బోర్న్ విశ్వవిద్యాలయ ఆవరణమున తన ధనముతో కట్టించిన ప్రదర్శనశాలలో కంగారూ సంచి యంత్రము నేడు భద్రముగా నున్నది. అదే నగరమున ఆల్బర్ట్ పార్క్ చెరువును ఉన్నది. గాలి వీచినపుడు అచ్చట అలలు నేటికిని మెట్లు లేకయే లేచుచున్నవి.