నిజాంసాగరు నిర్మాత అలీ నవాజ్ జంగ్

రాజుల పేర్లు జలాశయములకు నిలిచిపోవును. వాటి కొలతలు వేసిన వారి పేర్లు కచేరీ కాగితములలో మరుగుపడును. నిజాంసాగరు నీటితో పండిన అన్నము తిని చదువుకొన్న వారిలో నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూరు పేరెరిగిన వారు ఎందరు? విశ్వవిద్యాలయ ప్రాంగణములు ప్రకృతికి భారము కాకుండ మనుటెట్లు అని చర్చ సాగుచున్న ఈ దినములలో ఆయన జీవితమును, ఆయన కట్టిన జలాశయపు తరువాతి గతిని కలిపి చదువుకొనుట మేలు. నీటిని నిలుపుట ఎట్లో మొదటిది నేర్పును; నిలిపిన నీరు ఎట్లు చేజారునో రెండవది నేర్పును.

ఆయన అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. 1877 జులై 11న హైదరాబాదులో జన్మించినారు. నగరములో చదువుకొని, సంస్థానపు విద్యార్థి వేతనముతో 1896లో ఇంగ్లండు వెళ్లి, కూపర్స్ హిల్‌లోని రాయల్ ఇండియన్ ఇంజనీరింగ్ కళాశాలలో చేరినారు. భారతదేశమున కాలువలు, వంతెనలు, బాటలు కట్టవలసిన ఇంజనీర్లను తయారుచేయుటకే వెలసిన విద్యాలయమది. 1899లో తిరిగివచ్చి నిజాం ప్రభుత్వపు పబ్లిక్ వర్క్సు శాఖలో ఉద్యోగమున చేరినారు. మెట్టు మెట్టుగా ఎదిగి ఆ శాఖకే ప్రధాన ఇంజనీరు అయినారు. అలీ నవాజ్ జంగ్ అనునది ప్రభువిచ్చిన బిరుదు. కాలక్రమమున అదే ఆయన పేరైనది.

ఆయన ఉద్యోగములో కుదురుకొనుచున్న రోజులలోనే, 1908 సెప్టెంబరులో, మూసీ వరద హైదరాబాదును ముంచివేసినది. విశ్వేశ్వరయ్యగారి సూచనలను అనుసరించి 1920 నాటికి ఉస్మాన్‌సాగరు, 1927 నాటికి హిమాయత్‌సాగరు తయారైనవి. ఒకే నది ఒక ఏడు ప్రాణములు తీయును, మరొక ఏడు గొంతు తడుపును; నడుమ ఉండవలసినది మనిషి ముందుచూపు. ఈ పాఠమును ఆ తరము ఇంజనీర్లు కళ్లారా చూచి నేర్చుకొన్నారు. ఖమ్మం ప్రాంతపు పాలేరు, వైరా జలాశయములు కూడ అలీ నవాజ్ జంగ్ హయాములోనే వెలసినవి.

ఆయన పేరును చిరస్థాయి చేసిన పని నిజాంసాగరు. గోదావరికి ఉపనది అయిన మంజీరపై, నేటి కామారెడ్డి జిల్లాలోని అచ్చంపేట వద్ద 1923లో పని మొదలై 1931లో ముగిసినది. కట్ట పొడవు ఇంచుమించు 3 కిలోమీటర్లు. తొలినాటి నీటి నిల్వ 29.7 టీఎంసీలు, నీరందించ దలచిన భూమి 2,75,000 ఎకరములు. ఈ అంకెల వెనుక మరొక లెక్క ఉన్నది. సుమారు 40 గ్రామముల ప్రజలు ఇల్లూ వాకిలీ, గుడీ మసీదూ, పూర్వీకుల సమాధులూ విడిచి తరలిపోయినారు. వారి త్యాగము పునాదిలో లేని రాయి ఆ కట్టలో ఒక్కటియు లేదు.

కాలువ పారిన పిదప బాన్సువాడ, వర్ని, బోధను ప్రాంతముల రూపము మారిపోయినది. కోస్తా జిల్లాల నుండి రైతులు వలస వచ్చి స్థిరపడిన పల్లెలను ఇప్పటికిని క్యాంపులనియే పిలుచుచున్నారు. వరితోపాటు చెరకు పెరిగినది. ఆ చెరకును నమ్ముకొని 1937లో బోధనులో నిజాం చక్కెర కర్మాగారము వెలసినది. చక్కెర మిల్లులో పారవేయదగినది చాల తక్కువ. రసము తీసిన పిప్పి బాయిలరులో మండి యంత్రములను నడుపును. మొలాసిస్ సారాయి తయారీకి పోవును. రసమును వడగట్టగా మిగిలిన మడ్డి పొలమునకు ఎరువగును. 2015 డిసెంబరులో ఆ కర్మాగారము మూతపడినది. ఒక పనిలో మిగిలినది మరొక పనికి ముడిసరుకగు ఆ పద్ధతి మాత్రము నేటికిని నేర్వదగినదే.

అలీ నవాజ్ జంగ్ దృష్టి సంస్థానపు ఎల్లలలో ఆగలేదు. తుంగభద్ర, కృష్ణా జలముల పంపిణీని గూర్చి మద్రాసు ప్రభుత్వముతో జరిగిన సంప్రదింపులలో హైదరాబాదు పక్షమున పాల్గొన్నారు. 1938లో కాంగ్రెసు ఏర్పరచిన జాతీయ ప్రణాళికా సంఘము నదుల క్రమబద్ధీకరణ, నీటిపారుదల ఉపసంఘమునకు ఆయననే అధ్యక్షునిగా ఎన్నుకొన్నది. 1949 డిసెంబరు 6న ఆయన కన్నుమూసినారు.

ఆ తరువాతి కథ బాధ కలిగించునది. మంజీర మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండలలో పుట్టి, బీదరు, మెదకు ప్రాంతములు దాటి నిజాంసాగరు చేరును. ఆ దారి పొడవునా చెట్టు తరిగిన వాలు, గట్టు లేని చేను వాన వచ్చినప్పుడెల్ల తమ మట్టిని నదికి ధారపోసినవి. 1973 నాటికి జలాశయములో మిగిలినది 11.8 టీఎంసీల చోటు మాత్రమే. 40 గ్రామములను ఖాళీ చేయించి సంపాదించిన నిల్వలో సగమునకు పైగా నలుబది యేండ్లు దాటునప్పటికే పూడిక ఆక్రమించినది. అటుపిమ్మట నీటిమట్టమును పెంచి నిల్వను 17.8 టీఎంసీలకు తెచ్చినారు. కట్ట చెక్కుచెదరలేదు. లోపము కట్టకు ఎగువన, నీరు పుట్టు నేలలో ఉన్నది. జలాశయపు ఆయువు దాని పరీవాహక భూమి చేతిలో నున్నది.

ఇదే పాఠమును చిన్న కొలతలో చూడదలచిన వారు డిచ్‌పల్లికి పోవచ్చును. 2006లో ఏర్పడిన తెలంగాణ విశ్వవిద్యాలయపు ప్రధాన ప్రాంగణము అక్కడ 500 ఎకరములకు పైగా విస్తరించి ఉన్నది. నిజామాబాదు ప్రాంతమున ఏటా ఇంచుమించు 1,000 మిల్లీమీటర్ల వాన కురియును. అనగా ఎకరమునకు 40 లక్షల లీటర్లు. 500 ఎకరములకు 200 కోట్ల లీటర్లు. 1,000 మంది విద్యార్థులున్న వసతిగృహములకు మనిషికి రోజుకు 135 లీటర్ల వంతున లెక్కించినను ఏడాదికి అయిదు కోట్ల లీటర్లు చాలును. ఆకాశము ఇచ్చునది అవసరమునకు నలుబది రెట్లు! అందులో ఇరువదవ వంతు నిలుపగలిగినను బోరుబావి మీది భారము ఎంతో తగ్గును.

నిలుపు విధానము కొత్తది కాదు. వాలుకు అడ్డముగా కందకములు త్రవ్వవలెను. పల్లమున ఊటచెరువు, దానికి మత్తడి ఉండవలెను. మిద్దెల మీది నీరు ఇంకుడు గుంతలకు చేరవలెను. మట్టి కదలకుండ వేప, కానుగ వంటి ఈ నేలకు అలవాటైన చెట్లు పెంచవలెను. నీరు త్రాగు పచ్చికబయళ్లను తగ్గించవలెను. స్నానముల నీరు శుద్ధి అయి తోటకు పోవలెను. బోధను మిల్లు చూపిన పద్ధతిలో భోజనశాల వ్యర్థము, రాలిన ఆకు ఎరువు కావలెను. వీటన్నిటికంటె ముందు కావలసినది లెక్కల పుస్తకము: ఎంత వాన కురిసినది, ఎంత తోడినాము, ఊటచెరువులో ఎన్ని అంగుళముల పూడిక చేరినది. ఈ కొలత తీయుటకు గొప్ప యంత్రములు అక్కరలేదు. ఒక వర్షమాపకము, ఒక కొలబద్ద, ఓర్పు గల విద్యార్థులు చాలును. పాఠశాల ఆవరణమైనను ఇదే లెక్క వర్తించును.

తెలంగాణమున జులై 11ను అలీ నవాజ్ జంగ్ స్మృతికి ఇంజనీర్ల దినముగా జరుపుచున్నారు. అప్పటికి తొలకరి వానలు పడియుండును, వాగులలో ఎర్రనీరు పారుచుండును. ఆ నీటి ఎరుపు మన చేల మట్టి. ఆనాడు ఆయన పటమునకు పూలమాల వేసిన చేతులతోనే తమ ప్రాంగణమును విడిచిపోవు నీటిని ఒక గాజుపాత్రలో పట్టి, అడుగున పేరుకొన్న ఒండ్రును కొలిచి, ఏటేటా వ్రాసిపెట్టు విద్యార్థులే ఆయనకు నిజమైన వారసులు.