గ్రామఫోను నిర్మాత ఎమిల్ బెర్లినర్

రంగారెడ్డి జిల్లాలోని ఇబ్రహీంపట్నమున కుతుబ్‌షాహీల కాలమునాటి పెద్దచెరువొకటి కలదు. నిశ్చలముగా నున్న ఆ నీటిలో రాయి విసరినచో అలలు పుట్టి, కొంతదూరము సాగి, అణగిపోవును. మనము పలికిన పలుకు గతియు నంతియే. అది గాలిలో అలలుగా బయలుదేరి, చెవిని తాకి, మరుక్షణమున మాయమగును. ఆ అలను పళ్లెముపై గీతగా నిలిపి, కోరినపుడెల్ల మరల పలికించినవాడు ఎమిల్ బెర్లినర్. బూరయు ముల్లును గల గ్రామఫోను పెట్టెను చూచినవారిలో పెక్కుమంది ఆయన పేరు వినియుండరు.

బెర్లినర్ 1851వ సంవత్సరము మే 20వ తేదీన జర్మనీ దేశమందలి హానోవర్ నగరమున ఒక యూదు వర్తకుని యింట జన్మించెను. తల్లికి సంగీతమన్న ప్రీతి. పెద్ద కుటుంబ మగుటచే పదునాల్గవయేటనే అతని బడిచదువు ముగిసినది. కొంతకాలము అచ్చుకూటమునందును, కొంతకాలము బట్టల దుకాణమునందును పనిచేసి, 1870లో అమెరికాకు ఓడ యెక్కెను. వాషింగ్టన్‌లో ఒక కుటుంబమిత్రుని దుకాణమున గుమాస్తాగా కుదిరెను. తరువాత న్యూయార్కు చేరి, పగలు ఒక రసాయనశాలలో సీసాలు కడుగుచు, రాత్రులందు కూపర్ విద్యాసంస్థలో చదువుకొనెను.

1876లో గ్రాహంబెల్ టెలిఫోనును లోకమునకు చూపెను. అందులో మాట వినబడును గాని మిక్కిలి సన్నగా వినబడుచుండెను. అప్పటికి వాషింగ్టన్‌కు తిరిగివచ్చిన బెర్లినర్ తన బసలోనే తీగలతో ప్రయోగములు సాగించుచుండెను. అతడు తంతి పంపుట అభ్యసించుచుండగా, అందు ఆరితేరిన ఉద్యోగి యొకడు మీటను గట్టిగా నొక్కవలెనని చెప్పెను. ఒత్తిడి హెచ్చినకొలది విద్యుత్తు హెచ్చుగా ప్రవహించునట! ఆ మాటను బెర్లినర్ విడువలేదు. ధ్వనికి కంపించు రేకునకు ఒక లోహపు బొడిపెను తేలికగా ఆనించినచో, మాటను బట్టి ఒత్తిడియు, ఒత్తిడిని బట్టి విద్యుత్తును మారును. 1877లో ఈ సూత్రముతో అతడు నిర్మించిన యంత్రభాగమును బెల్ సంస్థవారు కొనిరి. ఒకదాని నొకటి ఎంత ఒత్తిడితో తాకవలెనను ప్రశ్న పదేండ్ల తరువాత మరల నతనికి ఎదురయ్యెను.

1877లోనే ఎడిసన్ ఫోనోగ్రాఫును కనిపెట్టెను. తగరపు రేకు చుట్టిన గొట్టముపై ముల్లు పైకి క్రిందికి కదలుచు మిట్టపల్లములు చేయును. ఆ రేకు కొలదిసారులకే చెడిపోవును. పిదప మైనపు గొట్టములు వచ్చెను గాని, వాటికి ప్రతులు తీయుట కష్టము. గొట్టమునకు బదులు చదునైన పళ్లెము, మిట్టపల్లములకు బదులు ప్రక్కలకు వంకరలు తిరుగు గాడి — ఇవి బెర్లినర్ చేసిన మార్పులు. 1887లో దీనికి పేటెంటు హక్కు పొంది, మరుసటియేట ఫిలడెల్ఫియాలోని ఫ్రాంక్లిన్ సంస్థలో ప్రదర్శించెను. జింకు పళ్లెముపై పలుచని మైనపు పూత పూసి, ముల్లు గీచినచోట ఆమ్లము జింకును తినివేయునట్లు చేసెను. దాని నుండి అచ్చు తీసినచో, పుస్తకపు పుటలవలె ఎన్ని పళ్లెములనైన ఒత్తవచ్చును. అచ్చుకూటమున పని నేర్చిన బాలుడు గదా!

అయినను చిక్కులు తీరలేదు. మొదటి పళ్లెములు గట్టి రబ్బరువి. ఒత్తునపుడు గాలి చిక్కుకొని, అక్కడక్కడ గాడి పడక ముల్లు జారిపోవుచుండెను. 1895లో రబ్బరును మాని లక్కను గ్రహించిరి. మన దేశపు చెట్లపై చిన్న పురుగులు కూర్చు లక్కయే అది. హైదరాబాదు లాడ్‌బజారు గాజులకును, ఏటికొప్పాక బొమ్మలకును వన్నె తెచ్చునదియు లక్కయే. దానిలో రాతిపొడి కలిపిరి. ఆ పొడికి ఉక్కుముల్లు అరగి, గాడి ఆకారమునకు సరిపడును. కావుననే పళ్లెము ప్రక్క మార్చినపుడెల్ల ముల్లును మార్చవలసియుండెను. పొదుపునకై పాతముల్లుతోనే వాయించినవారు పళ్లెమునే పోగొట్టుకొనిరి. వేగము మరియొక చిక్కు. యంత్రమును చేతితో త్రిప్పవలెను. చేయి అలసినచో గాయకుని కంఠము బొంగురుపోవును, తొందరపడినచో కీచుమనును. కామ్డెన్ పట్టణపు ఎల్డ్రిడ్జ్ జాన్సన్ 1896లో తగిన కీయంత్రమును చేసి యిచ్చినపుడుగాని ఇది కుదుటపడలేదు.

నేటి పళ్లెము వినైలుది, ముల్లు వజ్రపుది. ముల్లును ధరించిన కార్ట్రిడ్జి అను చిన్న పరికరము గాడి వంకరలను విద్యుత్తుగా మార్చును. నాటి ముల్లు వంద గ్రాములకు మించిన బరువుతో ఒత్తుచుండగా, నేటిది సాధారణముగా రెండు గ్రాములకు అటునిటుగా ఒత్తును. బరువు మించినచో గాడి అరుగును. మిక్కిలి తగ్గినచో ముల్లు గాడిలో ఎగిరిపడి గోడలను గాయపరచును. ఇది చాలమందికి తోచని సంగతి. పాట గరగరలాడినపుడు ముందు ముల్లుపై ధూళిని తుడిచి, పిదప నిర్మాతలు చెప్పిన బరువున్నదో లేదో తూచి చూడవలెను. క్రొత్త కార్ట్రిడ్జిని కొనువారు వెల కంటె ముందు, తమ యంత్రపు చేతికడ్డీకి అది పొసగునో లేదో విచారింపవలెను.

బెర్లినర్ కథకు మరలుదము. యంత్రము కుదిరినది గాని వ్యాపారము కుదురలేదు. అమెరికాలో అమ్మకపు హక్కు పొందిన ఫ్రాంక్ సీమన్‌తో తగాదా పుట్టి వ్యాజ్యమైనది. 1900లో న్యాయస్థానపు ఉత్తర్వు వలన, తాను కనిపెట్టిన యంత్రమును తాను స్థిరపడిన దేశముననే అమ్ముకొనరాని వాడయ్యెను. అతడు కెనడాలోని మాంట్రియల్‌కు వ్యాపారమును మార్చుకొనెను. జాన్సన్ 1901లో విక్టర్ కంపెనీని స్థాపించి అమెరికాలో ఆ పనిని కొనసాగించెను.

పళ్లెము మాత్రము ఆగలేదు. పూర్వము బెర్లినర్ వద్ద పనిచేసిన ఫ్రెడ్ గైస్‌బర్గ్ 1902లో లండను కంపెనీ పక్షమున కలకత్తా వచ్చి, గౌహర్ జాన్ గానమును రికార్డు చేసెను. కాలక్రమమున తెలుగు నాటక పద్యములును పళ్లెములకెక్కి, నాటకసమాజము లడుగిడని పల్లెలలో సైతము వినబడెను.

బెర్లినర్ తన కుమార్తె పసితనమున జబ్బుపడగా, చెడిన పాలవలన శిశువులకు కలుగు కీడును గుర్తించి, పాలను తగినట్లు వేడిచేసి వాడవలెనని ఏండ్ల తరబడి ప్రచారము గావించెను. 1929 ఆగస్టు 3వ తేదీన వాషింగ్టన్‌లో మరణించెను. తన అంత్యక్రియలకు ఆడంబరము వలదనియు, పసిబిడ్డలు గల పేదతల్లులకు కొంత ధన మీయవలసినదనియు, కుమార్తెలు పియానో వాయింపగా ప్రొద్దుగ్రుంకువేళ తన్ను ఖననము చేయవలసినదనియు అతడు ముందుగనే వ్రాసియుంచెను.