జిమ్ థోర్పు

ఆటలు దేహమునకు బలమును, మనస్సునకు ఉల్లాసమును కూర్చును. ఆ ఆటయే జీవనోపాధి యైనచో దాని రీతి వేరు. ఈ రెంటిని చవిచూచిన మహాక్రీడాకారుడు జిమ్ థోర్పు.

అతడు 1887లో అమెరికాలో, నేటి ఓక్లహోమా రాష్ట్రమున, ఒక ఆదిమజాతి కుటుంబమున జన్మించెను. బాల్యముననే కవల సోదరుడు మరణించెను. కొన్ని యేండ్లకు తల్లిదండ్రులును గతించిరి. ఆదిమజాతుల బాలబాలికల కొరకు ప్రభుత్వము కార్లైల్ పట్టణమున నెలకొల్పిన పాఠశాలలో థోర్పు చదివెను. 1907లో ఒకనాడు అచ్చటి మైదానమున కొందరు విద్యార్థులు ఎత్తు దూకుట నభ్యసించుచుండిరి. అటు పోవుచున్న థోర్పు పనిబట్టలతోనే వచ్చి, వారు దాటలేని కర్రను అవలీలగా దాటెనట! నాటినుండి అతనికి ఆటయే లోకమయ్యెను.

1909, 1910 సంవత్సరములలో అతడు ఉత్తర కెరొలినా రాష్ట్రమున చిన్న జట్లలో స్వల్పవేతనమునకు బేస్‌బాల్ ఆడెను. అట్లాడిన విద్యార్థులు మరికొందరును కలరు. వారిలో పలువురు మారుపేర్లు పెట్టుకొనిరి. థోర్పు తన పేరు దాచలేదు.

1912లో స్వీడను రాజధాని స్టాక్‌హోమున ఒలింపిక్ క్రీడలు జరిగెను. ఐదు అంశములుగల పెంటథ్లాన్‌లోను, పది అంశములుగల డెకథ్లాన్‌లోను థోర్పు బంగారు పతకములు గెలిచెను. డెకథ్లాన్‌లో అతనికి 8,412 పాయింట్లు వచ్చెను. రెండవ స్థానము పొందినవాడు దాదాపు 700 పాయింట్లు వెనుకబడెను. స్వీడను రాజు ఐదవ గస్టావు స్వయముగా బహుమతు లొసగెను.

కాని ఆటవలన ధన మార్జించినవారు ఒలింపిక్ క్రీడలలో పాల్గొనరాదను నియమము ఆనాడుండెను. కలిగినవారికి ఆ నియమము భారము కాదు. కష్టించి బ్రదుకు పేదవానికి అది కత్తిమీద సాము. 1913 జనవరిలో పత్రికలు బేస్‌బాల్ సంగతి బయటపెట్టెను. థోర్పు దాచక ఒప్పుకొనెను. ఆక్షేపణలను ముప్పది దినములలోపల తెలుపవలెనను నిబంధన యున్నను, అధికారులు దానిని పాటింపక అతని పతకములను తీసికొనిరి.

పిదప థోర్పు వృత్తిక్రీడాకారుడయ్యెను. న్యూయార్క్ జెయింట్సు జట్టులో బేస్‌బాల్ ఆడెను. 1920లో వృత్తి ఫుట్‌బాల్ జట్ల సంఘమునకు తొలి అధ్యక్షుడయ్యెను. అతని పేరు విని జనులు టిక్కెట్లు కొని మూగిరి. కాని వృత్తిక్రీడకు కావలసినది ఆటగాని బలము మాత్రమే. వయసు మీరి బలము తగ్గగా ఆదరణయు తగ్గెను. 1930 తరువాత ఆర్థికమాంద్యము ముదిరిన దినములలో, రాజుచేత బహుమతు లందుకొన్న ఆ చేతులే గడ్డపార పట్టి కూలికి మన్ను త్రవ్వెను. 1950లో అమెరికా పత్రికారచయితలు ఆ అర్ధశతాబ్దపు మేటి క్రీడాకారునిగా అతని నెన్నుకొనిరి. ఆ కీర్తియు అతని పేదరికమును తీర్పలేదు. 1953 మార్చి 28న అతడు కాలిఫోర్నియాలో గతించెను.

1982లో ఒలింపిక్ సంఘము తన తప్పు దిద్దుకొని, మరుసటి యేడు పతకముల ప్రతిరూపములను అతని సంతానమున కిచ్చెను. 2022లో ఆ రెండు పోటీలకు అతనినే ఏకైక విజేతగా ప్రకటించెను.

పతకము వచ్చును, పోవును. వేతనమును అట్టిదే. పనిబట్టలతో కర్ర దాటిననాడు థోర్పు ఏ పతకము కొరకును దూకలేదు. ఆనాటి ఆనందమును మాత్రము ఎవరును తీసికొనజాలరైరి. ఆడుకొను ప్రతి బాలునకును, ప్రతి బాలికకును అట్టి ఆనందము నేటికిని లభ్యమే.