యల్లాప్రగడ సుబ్బారావు గారు

ఒక గదిలో ఎవరికైనను క్యాన్సర్ వచ్చినయెడల, ప్రక్కగదివారు తమ పిల్లలను ఆ గడప తొక్కనీయకుండుట మన కామాటిపుర చాల్‌లలో మేమెరుగుదుము. కొన్ని క్యాన్సర్లకు వైరసులు కారణమని తెలిసిన పిమ్మట ఈ భయము మరింత హెచ్చినది. ఈ సంశయమును తీర్చుటకు మన తెలుగువారొకరి జీవితము తోడ్పడును గనుక దానిని వ్రాయుచున్నాము.

సుబ్బారావు గారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున పేదకుటుంబమునందు జన్మించిరి. కాశీయాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని పదుమూడవయేట ఇల్లు విడిచి బయలుదేరగా, తల్లిగారు వెనుకకు రప్పించి మరల బడిలో చేర్చిరి. మెట్రిక్యులేషనులో రెండుమార్లు తప్పి, మూడవమారు మద్రాసులో ఉత్తీర్ణులైరి. (తప్పుటయే ఘనత యని మా విద్యార్థులు భావింపకుందురు గాక!) వైద్యకళాశాలలో వీరు ఖద్దరు ధరించి శస్త్రచికిత్సకు వచ్చుట ఆంగ్లేయాచార్యునకు ఆగ్రహము కలిగించెను. తుదకు ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు, దానికన్న తక్కువదగు ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించెను. వీరి సోదరులిద్దరు స్ప్రూ అను గ్రహణివ్యాధిచే మరణించిరి. తిన్న అన్నము ఒంటబట్టక రక్తము క్షీణించు రోగమది. ఆ దుఃఖము వీరిని జీవితాంతము విడువలేదు.

భార్యను స్వదేశమునందే ఉంచి, వీరు అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమునకు వెడలిరి. పొట్టకూటికై రాత్రులు ఆసుపత్రిలో నౌకరుగా పనిచేసిరి. ఫిస్క్ గారితో కలిసి, కణములకు శక్తినిచ్చు ఏ.టి.పి. అను పదార్థమును 1929లో కనుగొనిరి. అదే సంవత్సరమున జర్మనీలో లోమన్ గారును దానిని కనుగొనిరి. 1940లో లెడర్లీ ఔషధసంస్థలో చేరిరి.

ఇచట మన ముంబయి ముచ్చట యొకటి చెప్పవలసియున్నది. 1928లో లూసీ విల్స్ అను ఆంగ్లేయ వైద్యురాలు ఈ నగరమునకు వచ్చి, పరేలులోని హాఫ్‌కిన్ సంస్థలో పరిశోధన సాగించిరి. మన పెద్దలు గిర్నీలనెడు బట్టలమిల్లులలో పాటుపడు పేదస్త్రీలకు గర్భకాలమున రక్తము క్షీణించుట యెందువలననో తెలిసికొనుటయే ఆమె యత్నము. మార్మైట్ అను చవుకయైన ఈస్టుసారముతో ఆ వ్యాధి నయమగునని 1931లో ప్రకటించిరి. ఆ సారమునందలి గుణకారి పదార్థమే ఫోలిక్ ఆమ్లమని తరువాత తేలినది. సోదరులను పొట్టనబెట్టుకొన్న వ్యాధికిని ఈ పదార్థపు లోపమునకును సంబంధము గలదు. సుబ్బారావు గారి బృందము దానిని కృత్రిమముగా తయారుచేసినట్లు 1945లో వెల్లడియైనది.

కణములు రెండింతలు నాలుగింతలై పెరుగుటకు ఫోలిక్ ఆమ్లము ఆవశ్యకము. క్యాన్సర్ కణములకును అంతే. కావున ఆ ఆమ్లమువలె కనబడుచు దాని పనిని అడ్డగించు పదార్థములను వీరి ప్రయోగశాల సిద్ధపరచెను. కలుపు పెరుగు మడికి నీరు కట్టివేసినట్టి యుపాయమిది. మంచిపైరును కొంత వాడుట తప్పదు. వానిలో అమినోప్టెరిన్ అనుదానిని బోస్టనులో ఫార్బర్ గారు రక్తక్యాన్సర్‌తో బాధపడు పిల్లలకు ఇచ్చిరి. 16 మందిలో 10 మందికి కొంతకాలము గుణము కనబడెనని 1948 జూన్‌లో ప్రకటించిరి. అంతకుముందు ఆ వ్యాధికి మందేలేదు. రెండుమాసములు గడచునంతలో, ఆగస్టులో, సుబ్బారావు గారు న్యూయార్కు ప్రాంతమున తమ 53వ యేట నిదురలోనే కన్నుమూసిరి. స్వదేశమునకు తిరిగిరాలేదు, భార్య శేషగిరి గారి నిరీక్షణము ఫలింపలేదు.

వైరసుల సంగతి వారి యనంతరము తెలిసినది. ఉగాండాలో పిల్లల దవడలయందు వచ్చు ఒక క్యాన్సర్‌ను బర్కిట్ అను శస్త్రవైద్యుడు 1958లో వర్ణించిరి. సుబ్బారావు గారి ప్రయోగశాలయందే పుట్టిన మెథోట్రెక్సేట్ ఇచ్చినంతనే ఆ గడ్డలు కరుగుట 1963లో వెల్లడియయ్యెను. మరుసటి యేట లండనులో ఎప్‌స్టీన్, అచాంగ్, బార్ అను మువ్వురు ఆ గడ్డల కణములలో ఒక వైరసును చూచిరి. మానవుల క్యాన్సర్‌తో సంబంధమున్నట్లు తేలిన మొదటి వైరసు అదియే. మందు వైరసును చంపదు. వైరసు ఉసికొల్పిన కణముల పెరుగుదలను మాత్రము ఆపును.

అయితే ఆ వైరసు లాలాజలము ద్వారా వ్యాపించి లోకమున పెద్దలైనవారిలో అధికసంఖ్యాకుల దేహములందున్నది. క్యాన్సర్ వచ్చునది బహు కొలదిమందికి. ఆఫ్రికాలో మలేరియా యును దానికి తోడైనది. వైరసు అంటునుగాని రోగిని తాకినందున క్యాన్సర్ అంటదు. కాలేయపు క్యాన్సర్‌కు దారితీయు హెపటైటిస్ బి వైరసునకు శిశువు పుట్టినప్పుడే టీకా వేయుదురు. గర్భాశయముఖ క్యాన్సర్‌కు కారణమగు హెచ్.పి.వి. వైరసునకు 9 మొదలు 14 యేండ్లలోపు బాలికలకు టీకా వేయించుట శ్రేష్ఠము. తల్లులు దీనిని డాక్టరు గారి నడిగి తెలిసికొనవలెను.

విల్స్ గారు పనిచేసిన పరేలులోనే 1941లో టాటా స్మారక ఆసుపత్రి వెలసినది. అచట రక్తక్యాన్సర్ గల పిల్లలకు ఇచ్చు మందులలో మెథోట్రెక్సేట్ నేటికిని ఉన్నది.