హాలెలో పుట్టి లండన్‌లో స్థిరపడిన హాండెల్

మన ఇళ్లలో చాలామంది పిల్లలు ఇప్పుడు కీబోర్డు, వయోలిన్ నేర్చుకుంటున్నారు. వాళ్ల పాఠాల పుస్తకాల్లో బాక్, హాండెల్, వివాల్డి అన్న పేర్లు కనిపిస్తాయి. పక్కనే బరోక్ అన్న మాట ఉంటుంది. అదేమిటని పిల్లలు అడిగితే ఇంట్లో పెద్దవాళ్లం నాలుగు మాటలు చెప్పగలగాలి. ఒకరి జీవితం చెప్పుకుంటూ పోతే ఆ సంగీతం కూడా తేలిగ్గా అర్థమవుతుందని మాకు తోచింది. హాండెల్‌నే ఎంచుకోవడానికి కారణం ఉంది. ఆయన ఒక దేశంలో పుట్టి, రెండో దేశంలో విద్య ముదిరి, మూడో దేశంలో నలభై ఏడేళ్లు బతికి అక్కడే కన్నుమూశారు. తాతముత్తాతల నాడే ఊరు వదిలి వచ్చిన మనకు అలాంటి బతుకు కొత్త కాదు.

జార్జ్ ఫ్రెడరిక్ హాండెల్ 1685 ఫిబ్రవరి 23న జర్మనీలోని హాలె నగరంలో జన్మించారు. హాలె పేరు తెలుగువాళ్లు గుర్తుపెట్టుకోవలసినదే. మద్రాసులో ఉండి మన భాష నేర్చుకున్న బెంజమిన్ షుల్జ్ అనే మిషనరీ, తిరిగి వెళ్లాక 1740లలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించింది ఆ ఊళ్లోనే. తెలుగులో తొలి అచ్చు పుస్తకాలుగా వాటినే చెబుతారు. అప్పటికి హాండెల్ లండన్‌లో స్థిరపడి చాలా ఏళ్లయింది.

ఆయన తండ్రి శస్త్రవైద్యుడు. ఆ రోజుల్లో అక్కడ క్షౌరమూ శస్త్రవైద్యమూ ఒకే వృత్తి. హాండెల్ పుట్టేనాటికి తండ్రికి అరవై దాటాయి. కొడుకు న్యాయశాస్త్రం చదివి స్థిరమైన ఉద్యోగంలో చేరాలని ఆయన కోరిక. సంగీతం కూడు పెట్టదని ఆయన భయం. ఆ భయం మన ఇళ్లలోనూ ఎరిగినదే. అయితే పిల్లవాడు ఆర్గన్ వాయించగా విన్న ఒక డ్యూక్ తండ్రికి నచ్చజెప్పారు. ఆ తర్వాత ఊళ్లోని చర్చి ఆర్గన్ విద్వాంసుడు జాఖౌ దగ్గర శిష్యరికం కుదిరింది. తండ్రి 1697లో పోయారు. హాండెల్ 1702లో విశ్వవిద్యాలయంలో చేరారు గానీ మరుసటి ఏడే హాంబర్గ్ వెళ్లి ఒపేరా బృందంలో వయోలిన్ వాద్యకారుడయ్యారు. ఇరవయ్యో ఏడు నిండకముందే, 1705లో, ఆయన మొదటి ఒపేరా ‘అల్మీరా’ అక్కడ రంగస్థలం ఎక్కింది. ఒపేరా అంటే కథ అంతా పాటల్లో నడిచే నాటకం. మన యక్షగానాలు, పద్యనాటకాలు చూసినవారికి వేరే వివరణ అక్కర్లేదు.

ఇక్కడ బరోక్ గురించి చెప్పుకోవాలి. వంకరటింకర ముత్యానికి పోర్చుగీసు భాషలో ఉన్న పేరు నుంచి ఈ మాట వచ్చిందని అంటారు. మొదట ఎగతాళిగా వాడిన పేరే తర్వాత స్థిరపడింది. దాదాపు 1600 నుంచి 1750 దాకా యూరప్‌లో వచ్చిన సంగీతాన్ని ఈ పేరుతో పిలుస్తారు. ఇటలీలో మాంటెవెర్డి 1607లో చేసిన ‘ఓర్ఫియో’ అనే ఒపేరా ఈ కాలపు తొలి గొప్ప రచనల్లో ఒకటి. వెనిస్‌లో అనాథ బాలికల ఆశ్రమంలో సంగీతం నేర్పిన వివాల్డి, రోమ్‌లో వయోలిన్‌కు పేరు తెచ్చిన కొరెల్లి, ఇంగ్లండులో పర్సెల్, జర్మనీలో బాక్ ఈ కాలం వారే.

ఈ సంగీతాన్ని గుర్తుపట్టడానికి మూడు నాలుగు ఆనవాళ్లు ఉన్నాయి. అడుగున ఒక మంద్రస్వరాల వరుస మొదటి నుంచి చివరిదాకా దాదాపు ఆగకుండా నడుస్తుంది. సెల్లో వంటి వాద్యం దాన్ని వాయిస్తుంటే, హార్ప్సికార్డ్ దగ్గర కూర్చున్నవారు ఆ వరుస దగ్గర రాసిన అంకెలు చూసుకుంటూ పై స్వరాలను అప్పటికప్పుడు నింపుతారు. హార్ప్సికార్డ్ చూడడానికి పియానోలా ఉంటుంది గానీ, లోపల తీగలను సుత్తులు కొట్టవు, ఈకపుల్లలు మీటుతాయి. రెండో ఆనవాలు, ఒక్కో భాగం సాధారణంగా ఒకే భావాన్ని పట్టుకుని నడుస్తుంది. సంతోషమైతే చివరిదాకా సంతోషమే, దుఃఖమైతే దుఃఖమే. మూడోది, ఒకేసారి రెండు మూడు గొంతులు వేర్వేరు వరుసలు పాడుతూ కూడా పొందికగా కలుస్తాయి. మన కచేరీలో అందరూ ఒకే రాగం దారిన నడుస్తారు కాబట్టి ఇది మన చెవికి మొదట్లో రద్దీగా అనిపిస్తుంది. రెండు మూడుసార్లు వింటే విడివిడిగా వినబడుతుంది. నాలుగోది, ఒపేరా పాటలో మొదటి భాగం పాడి, రెండో భాగం పాడి, మళ్లీ మొదటి భాగానికి వస్తారు. తిరిగి వచ్చినప్పుడు గాయకులు సొంత అలంకారాలు చేర్చి పాడాలి. చరణం తర్వాత పల్లవికి వచ్చి సంగతులు వేయడం ఎరిగిన మనకు ఇది బాగా దగ్గరి పద్ధతి.

హాండెల్ ఈ విద్యను దాని పుట్టింట్లోనే నేర్చుకోవాలని 1706లో ఇటలీ వెళ్లారు. ఫ్లోరెన్స్, రోమ్, నేపుల్స్, వెనిస్ తిరిగారు. రోమ్‌లో అప్పుడు ఒపేరాపై నిషేధం ఉండడంతో అక్కడ భక్తి రచనలు చేశారు. వాటిలో ఒకదానికి కొరెల్లియే వాద్యబృందాన్ని నడిపించారు. 1709 డిసెంబరులో వెనిస్‌లో ‘అగ్రిప్పినా’ ఒపేరా మొదలై ఇరవై ఏడుసార్లు ఆడింది. 1710లో జర్మనీకి తిరిగివచ్చి హానోవర్ పాలకుడి ఆస్థానంలో చేరారు. ఆ ఏడాది చివరికే సెలవు తీసుకుని లండన్ చేరారు. 1711 ఫిబ్రవరిలో ఆయన ‘రినాల్డో’ లండన్‌ను ఊపేసింది. హానోవర్‌కు వెళ్లినట్టే వెళ్లి 1712లో మళ్లీ లండన్ వచ్చారు. ఇక అదే ఆయన ఊరైంది. రెండేళ్లకు రాణి ఆన్ మరణించగా, ఆ హానోవర్ పాలకుడే మొదటి జార్జ్ పేరుతో ఇంగ్లండు రాజై వచ్చారు. 1717 జూలైలో థేమ్స్ నదిపై రాజు పడవ పక్కనే మరో పడవలో దాదాపు యాభైమంది వాద్యకారులు హాండెల్ రచనలు వాయించారు. రాజు ముచ్చటపడి మూడుసార్లు వాయింపజేసుకున్నారు. అదే ‘వాటర్ మ్యూజిక్’.

1723లో బ్రూక్ స్ట్రీట్‌లో ఇల్లు తీసుకుని చివరిదాకా అందులోనే ఉన్నారు. 1727 ఫిబ్రవరిలో పార్లమెంటు చట్టం ద్వారా బ్రిటిష్ పౌరుడయ్యారు. ఆ ఏడాదే రెండో జార్జ్ పట్టాభిషేకానికి ఆయన కట్టిన ‘జాడోక్ ద ప్రీస్ట్’ ఆనాటి నుంచి ప్రతి పట్టాభిషేకంలోనూ పాడుతున్నారు. కాగితాల మీద, రాజసభలో ఆయన ఇంగ్లండు వాడయ్యారు. అయినా నాటకశాలలో ఆయన పాటలు ఇటాలియన్‌లోనే సాగాయి. జనం ఇంగ్లిషు అనువాదం అచ్చువేసిన చిన్న పుస్తకాలు కొనుక్కుని, చేతిలో పట్టుకుని చూసేవారు. పాట బాగుందనేవారు, మాట అర్థమయ్యేది కాదు. 1728లో వీధి పాటల బాణీలతో ఇంగ్లిషులో వచ్చిన ‘బెగ్గర్స్ ఒపేరా’కు జనం విరగబడ్డారు. ఆ ఏడాదే హాండెల్ పనిచేస్తున్న ఒపేరా సంస్థ మూతపడింది. ఆయన మళ్లీ నిలబెట్టారు. 1733లో ప్రభువర్గాలు పోటీ సంస్థ పెట్టాయి. ఇద్దరూ నష్టపోయారు. 1737లో పక్షవాతం వచ్చి ఆయన కుడిచేయి పడిపోయింది. జర్మనీలోని ఆఖెన్ వేడినీటి స్నానాలకు వెళ్లి కోలుకుని వచ్చారు.

యాభై దాటిన వయసులో, జబ్బు నుంచి లేచిన మనిషి, తాను ముప్పై ఏళ్లు సాధన చేసిన రూపాన్ని వదిలిపెట్టారు. 1741 తర్వాత ఇటాలియన్ ఒపేరా జోలికి పోలేదు. ఇంగ్లిషు మాటలతో ఒరటోరియోలు రాయడానికి పూర్తిగా మళ్లారు. ఒరటోరియోలో వేషాలుండవు, తెరలుండవు. కథను గాయకులు, బృందగానం నిలబడి పాడతారు. ఇరుగుపొరుగు వారి భాషలో, వారికి ఇంట్లో పరిచయమైన బైబిలు కథలతో ఆయన మాట్లాడడం మొదలుపెట్టారు. 1741 ఆగస్టు 22న మొదలుపెట్టి 24 రోజుల్లో ‘మెసయ్య’ పూర్తిచేశారు. 1742 ఏప్రిల్ 13న డబ్లిన్‌లో తొలి ప్రదర్శన. ఎక్కువమందికి చోటు దొరకాలని, స్త్రీలు వెడల్పు గౌనుల కట్లు లేకుండా, పురుషులు కత్తులు లేకుండా రావాలని ముందే కోరారు. వచ్చిన డబ్బు రెండు ఆసుపత్రులకు, అప్పులు తీర్చలేక చెరసాలలో ఉన్నవారికి వెళ్లింది. 142 మంది విడుదలయ్యారు.

1750 నుంచి లండన్‌లోని అనాథ శిశువుల ఆశ్రమం కోసం ఏటా ‘మెసయ్య’ పాడించారు. ఆ సభల వల్ల ఆశ్రమానికి దాదాపు 7,000 పౌండ్లు సమకూరాయి. ముసలితనంలో ఆదరువు లేని సంగీతకారుల సహాయనిధికి వీలునామాలో 1,000 పౌండ్లు రాశారు. ఆయన గురించి మంచి మాత్రమే చెప్పి ఊరుకోవడం న్యాయం కాదు. బానిసల వ్యాపారం చేసిన రాయల్ ఆఫ్రికన్ కంపెనీలో ఆయన డబ్బు పెట్టిన లెక్కలూ ఉన్నాయి.

1751లో ‘జెఫ్తా’ రాస్తుండగా ఎడమకన్ను చూపు తగ్గి పని ఆపవలసి వచ్చింది. క్రమంగా రెండు కళ్లూ పోయాయి. అంధుడైనా ఆర్గన్ ముందు కూర్చుని వాయించడం మానలేదు. 1759 ఏప్రిల్ 14న మరణించారు. వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో సమాధి చేశారు. ఆయన పుట్టిన ఏడాదే, అక్కడికి దగ్గరలోనే పుట్టిన బాక్ జీవితమంతా జర్మన్ గడ్డమీదే గడిపారు. ఆయన రెండుసార్లు ప్రయత్నించినా ఇద్దరూ ఒక్కసారి కూడా కలవలేదు.

పుట్టిన ఊరిని హాండెల్ మరిచిపోయారా అంటే లేదు. 1729లో హాలె వెళ్లి, చూపు పోయిన తల్లిని చూసి వచ్చారు. మరుసటి ఏడు ఆమె కన్నుమూశారు. బావగారికి ఉత్తరాలు రాస్తూనే ఉన్నారు. అయితే అవి ఫ్రెంచిలో! ఆస్తిలో పెద్ద భాగం జర్మనీలోని మేనకోడలికే రాశారు. మాటలో జర్మన్ యాస చివరిదాకా పోలేదు. ఆయన పెళ్లి చేసుకోలేదు, పిల్లలు లేరు. లండన్‌లో ఆ యాస ఆయనతోనే ఆగిపోయింది.

మన సంఘాల సమావేశాల్లో తరచూ ఒక వాదన వస్తుంది. కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో కార్యక్రమం పెడితే తెలుగు పోతుందని కొందరు, పెట్టకపోతే ఇరుగుపొరుగు రారని కొందరు అంటారు. పొరుగువారి భాషలో ఇస్తే వారు తమవాడిగా దాచుకుంటారని హాండెల్ జీవితం చూపిస్తోంది. ఆయన పోయిన ఎనిమిదేళ్లకు తమిళనాట తెలుగింట పుట్టిన త్యాగరాజస్వామి ఇంటి భాషలోనే పాడారు. పొరుగువారే ఆ భాషను నేర్చి పాడుతున్నారు. రెండు దారులూ నడిచినవే. కానీ పిల్లలకు ఇంటి మాట అందించే పని ఏ మహానుభావుడూ మన తరఫున చేసిపెట్టరు. అది ప్రతి ఇంటి వంటగదిలో, పిల్లల పక్కన కూర్చున్నప్పుడు జరగవలసిందే.

వినదలచినవారు ‘వాటర్ మ్యూజిక్’తో మొదలుపెట్టండి. తర్వాత ‘జాడోక్ ద ప్రీస్ట్’, ఆపైన ‘మెసయ్య’లోని హల్లెలూయా బృందగానం వినండి. పక్కన పిల్లల్ని కూర్చోబెట్టుకోండి. అడుగున నడిచే మంద్రస్వరాన్ని ముందుగా ఎవరు పట్టుకుంటారో చూడండి. వాళ్లు అడిగే ప్రశ్నలకు తెలుగులోనే జవాబు చెప్పండి.