ఐజాక్ సింగర్

ఐజాక్ మెరిట్ సింగర్ (అక్టోబరు 27, 1811 - జూలై 23, 1875) అమెరికాకు చెందిన యంత్ర నిర్మాత, నటుడు, వ్యాపారవేత్త. కుట్టు మిషనును కనిపెట్టినది ఈయనే అని చాలామంది భావిస్తారు కానీ అది సరికాదు. అంతకు ముందే ఉన్న యంత్రాన్ని నిత్యం వాడుకోదగినదిగా తీర్చిదిద్దడం ఈయన ఘనత. వాయిదాల పద్ధతిలో అమ్మడం, పాత మిషను తీసుకొని కొత్తదాని ధర తగ్గించడం అనే రెండు పద్ధతులు కుట్టు మిషన్ల వ్యాపారంలో బలపడినది కూడా ఈయన కంపెనీ వల్లనే.

తొలి జీవితం

సింగర్ న్యూయార్క్ రాష్ట్రంలోని పిట్స్‌టౌన్‌లో జన్మించాడు. సుమారు 12 ఏళ్ళ వయసులో ఇల్లు విడిచి రోచెస్టర్‌లోని అన్న వద్దకు చేరాడు. యంత్రాల పని నేర్చుకున్నా మనసు మాత్రం నాటకాల మీదనే ఉండేది. 1839లో రాతిని తొలిచే యంత్రానికి పేటెంటు పొంది, దానిని 2,000 డాలర్లకు అమ్మి, ఆ సొమ్ముతో ఒక నాటక బృందాన్ని నడిపాడు. డబ్బు అయిపోగానే బృందమూ మూతపడింది.

కుట్టు యంత్రం

1850లో బోస్టన్ నగరంలో ఆర్సన్ ఫెల్ప్స్ కార్ఖానాలో మరమ్మతుకు వచ్చిన కుట్టు యంత్రాలను సింగర్ పరిశీలించాడు. వాటిలో షటిల్ గుండ్రంగా తిరిగేది. సింగర్ దానిని తిన్నగా ముందుకూ వెనుకకూ కదిలేలా చేశాడు, వంకర సూది స్థానంలో నిలువుగా దిగే సూదిని అమర్చాడు. 1851 ఆగస్టు 12న పేటెంటు లభించింది. అయితే ఎలియాస్ హోవే 1846లోనే కుట్టు యంత్రంపై పేటెంటు పొంది ఉన్నాడు. ఆయన వేసిన దావాల ఫలితంగా 1854లో సింగర్ కంపెనీ ఆయనకు 15,000 డాలర్లు చెల్లించి రాజీపడింది. 1856లో ప్రధాన కంపెనీలు తమ పేటెంట్లను ఉమ్మడిగా వాడుకొనేందుకు ఒప్పందం చేసుకున్నాయి.

కొత్త మిషను, పాత మిషను

ఆ రోజులలో ఒక మిషను ధర 100 డాలర్లకు పైగా ఉండేది. సాధారణ కుటుంబానికి అది కొన్ని నెలల ఆదాయం. సింగర్ భాగస్వామి, న్యాయవాది ఎడ్వర్డ్ క్లార్క్ 1856లో వాయిదాల పద్ధతి ప్రవేశపెట్టాడు. కొంత సొమ్ము ముందు కట్టి మిషను ఇంటికి తీసుకుపోవచ్చు, మిగిలినది నెలనెలా కట్టాలి. 1855లో 883గా ఉన్న అమ్మకాలు 1856లో 2,564కు పెరిగాయి.

రెండవ చిక్కు ఇంకా లోతైనది. ఇనుముతో చేసిన ఈ యంత్రాలు త్వరగా పాడయ్యేవి కావు. అందువల్ల కుట్టుపనితో బ్రతికేవారు చవకగా దొరికే వాడిన మిషనుతో సరిపెట్టుకోగలిగేవారు. అంటే కంపెనీ నిన్న అమ్మిన మిషనే నేటి అమ్మకానికి పోటీ. దీనికి క్లార్క్ చెప్పిన ఉపాయం మార్పిడి. సొంత పాత నమూనాలనే కాక ఇతర కంపెనీల మిషన్లను కూడా తీసుకొని కొత్తదానిపై 50 డాలర్లు తగ్గించేవారు. అలా వచ్చిన పాతవాటిని బాగుచేసి తిరిగి అమ్మక, ధ్వంసం చేసేవారు. దర్జీకి ఇది నిజంగానే లాభసాటి బేరం, కానీ దానిని ఔదార్యంగా భావించడానికి వీలులేదు. చవక మిషను కోసం వెదికే తరువాతి కొనుగోలుదారుకు ఆ మేరకు దారి మూసుకుపోయింది. ఈ పథకాల ఖ్యాతి సింగర్‌కు దక్కినా, వాటి వెనుక ఉన్న బుద్ధి క్లార్క్‌దే.

చివరి రోజులు

సింగర్ కుటుంబ జీవితం వివాదాస్పదమైనది. పలువురు స్త్రీల వలన ఆయనకు 20 మందికి పైగా సంతానం కలిగారు. 1860లో ఈ సంగతి బయటపడి అల్లరి కావడంతో ఐరోపాకు వెళ్ళిపోయాడు. 1863లో పాత భాగస్వామ్యం రద్దయి సింగర్ మాన్యుఫాక్చరింగ్ కంపెనీ ఏర్పడింది. ఇంగ్లాండులోని పెయిన్‌టన్‌లో ఓల్డ్‌వే అనే భవనం నిర్మాణంలో ఉండగానే సింగర్ మరణించాడు. క్లార్క్ 1882 వరకు జీవించాడు.

తరువాతి కాలం

20వ శతాబ్దం తొలినాళ్ళలో సింగర్ కంపెనీ తన మామూలు మిషన్లపైనే ఎంబ్రాయిడరీ నేర్పే పుస్తకాలను ప్రచురించింది. అదిమి పట్టే పాదాన్ని తీసివేసి, గుడ్డను కర్ర చట్రంలో బిగించి, చేతితో కదుపుతూ కాలితో తొక్కడమే ఆ పద్ధతి. తెలుగునాట కూడా తొక్కుడు మిషన్ల మీద ఈ పని చేసేవారున్నారు. సింగర్ 15వ తరగతి నమూనాను రెండవ ప్రపంచ యుద్ధం తరువాత జపానులో పెద్ద ఎత్తున అనుకరించారు. అందువల్ల ఆ తరహా పాత మిషను కొన్నవారికి విడిభాగాల కొరత అంతగా ఉండదు. మిషను మీద చెక్కిన వరుస సంఖ్యను బట్టి అది ఏ సంవత్సరంలో తయారైనదో చాలావరకు తెలుసుకోవచ్చు.