కొండెక్కిన ఇంజిన్

కార్బ్యురేటర్ ఉన్న పాత కారుని బాగా ఎత్తైన కొండల్లోకి తీసుకెళ్తే రొప్పుతుంది, నల్లపొగ కక్కుతుంది. పైన గాలి పల్చబడుతుంది, కార్బ్యురేటరేమో పెట్రోలుని ఆ లెక్కలో తగ్గించదు. మెకానిక్ కొంచెం చిన్న జెట్ వేస్తే పొగ పోతుంది. పోయిన పవర్ మాత్రం తిరిగి రాదు. అక్కడ కరువైంది గాలి కదా! ఆ గాలినే తెచ్చిపెట్టిన మనిషి సాన్‌ఫర్డ్ మాస్.

1872లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టాడు. పదహారేళ్లకే మెషిన్ షాపులో అప్రెంటిస్‌గా చేరాడు. కాలేజీ ఆ తర్వాతే. 1903లో కార్నెల్‌లో డాక్టరేట్ తీసుకున్నాడు. పిచ్చంతా గ్యాస్ టర్బైన్ మీదే. జనరల్ ఎలక్ట్రిక్‌లో చేరి దాని మీదే పనిచేశాడు. చక్రం తిరిగింది కానీ తాగిన ఇంధనానికి చేసిన పని మరీ తక్కువ. 1907లో కంపెనీ ఆ ప్రాజెక్టు ఆపేసింది. మన మేజర్ ప్రాజెక్టు ఫెయిలైతే నెల రోజులు మొహం వేలాడేస్తాం. ఈయన ఏళ్ల తరబడి బ్లాస్ట్ ఫర్నేసులకి గాలి కొట్టే కంప్రెసర్లు డిజైన్ చేస్తూ కూర్చున్నాడు.

1917లో అమెరికా యుద్ధంలోకి దిగింది. పైకెళ్లేకొద్దీ విమానాల ఇంజిన్లు నీరసపడిపోయేవి. కార్నెల్‌లో ప్రొఫెసర్‌గా ఉన్నప్పటి నుంచీ మాస్‌ని ఎరిగిన డ్యూరాండ్, అప్పుడు ప్రభుత్వ విమాన పరిశోధన సంఘంలో ఉన్నాడు. ఆయనకి మాస్ గుర్తొచ్చాడు. ఫ్రాన్స్‌లో రాటో అనే ఇంజనీరు అప్పటికే ఆ దారిలో ఉన్నాడు. ఉపాయం వినడానికి తేలిక: వృథాగా పోయే ఎగ్జాస్ట్‌తో టర్బైన్ తిప్పాలి, అదే షాఫ్టు మీద కంప్రెసర్ పెట్టి, నొక్కిన గాలిని కార్బ్యురేటర్‌కి పంపాలి. అప్పుడు అది కొండ మీదున్నా నేల మీదున్నట్టే పనిచేస్తుంది. చెయ్యడమే కష్టం. ఎర్రగా కాలే పొగలో చక్రం నిమిషానికి వేల చుట్లు తిరగాలి, పగలకూడదు.

నిజమో కాదో తేల్చాలి. ఆకాశంలో ఇంజిన్ పవర్ కొలవడం అంత సులువు కాదు. అందుకని 1918లో లిబర్టీ ఇంజిన్‌ని లారీకెక్కించి కొలరాడోలోని పైక్స్ పీక్ మీదికి, సుమారు 14,000 అడుగుల ఎత్తుకి తీసుకెళ్లారు. కింద 350 హార్స్‌పవర్ ఇచ్చిన ఇంజిన్ అక్కడ 230కి పడిపోయింది. టర్బో తగిలించాక 356! కింద కంటే ఆరు ఎక్కువే. నాకైతే ఈ కథ మొత్తంలో ఈ మూడు అంకెలే ఇష్టం.

ఆ యుద్ధానికి మాత్రం అది అందలేదు. 1920 ఫిబ్రవరిలో ష్రోడర్ అనే పైలట్ ఈ టర్బోతో 33,000 అడుగులు దాటాడు. పైన ఆక్సిజన్ అందక స్పృహ తప్పి మైళ్ల కొద్దీ కిందికి జారాడు, నేల దగ్గరపడ్డాక తేరుకుని, చలికి గడ్డకట్టిన కళ్లతోనే దిగాడు. ఇంజిన్‌కి గాలి దొరికింది, మనిషికే దొరకలేదు.

మాస్ 1938లో రిటైరయ్యాడు. మళ్లీ యుద్ధం రాగానే వెనక్కి పిలిచారు. 1940 కొలియర్ ట్రోఫీ ఆయనకీ, సైన్యపు వైమానిక విభాగానికీ కలిపి వచ్చింది. బి-17 బాంబర్లలో నాలుగు ఇంజిన్లకీ టర్బోలే. ఇంకో తమాషా చూడండి. 1941లో బ్రిటన్ నుంచి విటిల్ జెట్ ఇంజిన్ వస్తే, అమెరికాలో దాన్ని తయారుచేసే పని జనరల్ ఎలక్ట్రిక్‌కే అప్పగించారు, టర్బోలు చేసిన అనుభవం ఉందని. జెట్ ఇంజిన్ అంటే గ్యాస్ టర్బైనే, 1907లో ఆపేసింది అదే. 1942లో అది అమెరికా ఆకాశంలో ఎగిరింది. మాస్ 1946లో పోయాడు.